ఊఁ కొట్టని మనిషి

పోయిన వారం మన బైండరును షాపులో, చేతిలో వేడి అచ్చుతో, కడుపులో అంతకంటే వేడి మంటతో నిలబెట్టి వదిలేశాం. తోడల్లుడు రాసిన ‘కుప్పకూలిన రోజులు’ పుస్తకానికి ప్రత్యేక ప్రతులు కట్టే పని, ఊళ్లో ఇన్ని షాపులుండగా, తిరిగి తిరిగి అతని బల్ల మీదికే వచ్చి పడింది. అట్ట మీద బంగారు రేకుతో గొడుగు బొమ్మ వెయ్యాలి. షేర్ బజార్లు కూలిన చరిత్రకు గొడుగేమిటి నా మొహం అనుకుంటూ మడతపెట్టిన ఫారం ఒకటి తీసి చదివాడు. చదువుతూ చదువుతూ అచ్చును అట్ట మీదే మర్చిపోయాడు. మాడు వాసన ముక్కుకు తగిలేదాకా తెలియలేదు. ఆ గొడుగు తనది. తను పుట్టించింది. ఆదివారం లైబ్రరీ హాల్లో జరిగే సభలో, నలుగురి ఎదుటా, దాన్ని తోడల్లుడి చేతిలోంచి లాగేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం వచ్చేసింది.

ఇంతకీ ఆ గొడుగు కథేమిటంటే, ఏళ్ల కిందట షాపుకు ఒక పాత పుస్తకం వచ్చింది. ఏదో మహానగరంలో షేర్ల ధరలు ఒక్క పూటలో పాతాళానికి పడిపోయి, పొద్దున కోటీశ్వరులుగా లోపలికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి బండి కిరాయికి వెతుక్కుంటూ బయటికి వచ్చిన వైనం. అందులో పేరుమోసిన మదుపరి ఒకాయన, అందరితో పాటు మునిగిపోయి, కోటు సర్దుకుని కుర్చీలోంచి లేచాడు. లేచిన చోటే పుస్తకం ఆగిపోయింది. చివరి ఫారం లేదు. ఫారమంటే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెట్టిన పేజీల కట్ట. అది ఊడిపోయిందో, ఎలకలు తిన్నాయో.

మన బైండరు చదవకుండా ఏ పుస్తకమూ కట్టడు. చదివింది పక్కన కూర్చుని ఫారాలు కుట్టే భార్యకు చెప్పకుండా ఉండలేడు. కథ సగంలో వదిలేస్తే అతనికే అన్నం సహించదు. అందుకని ముగింపు తనే అల్లేశాడు. బయట వాన. బజారు గుమ్మం దగ్గర గొడుగులు భద్రం చేసే ముసలావిడ. దివాలా తీసిన పెద్దమనుషులంతా చేతికందిన గొడుగు లాక్కుని పరుగో పరుగు. ఆ మదుపరి ఒక్కడే ఓ పక్కకు జరిగి తన గొడుగు కోసం ఆగాడు. “ఉన్నదంతా పోయిందిగా, ఇంకా ఈ చిరుగుల గొడుగెందుకు బాబూ?” అందావిడ. “అందరూ చేతికి దొరికింది పట్టుకుని పరుగెత్తబట్టే కదమ్మా, ఇంత పనయింది!” అన్నాడాయన.

అంతే కథ. మామూలు ప్రతులు బజారుకొచ్చాక ఇప్పుడది ఊరందరి నోళ్లలో నానుతోంది. బ్యాంకు క్యూలో చెప్పుకుంటున్నారు, క్షవరం కుర్చీలో చెప్పుకుంటున్నారు. చెప్పుకున్నప్పుడల్లా “లెక్చరరుగారు భలే రాశారండీ” అంటున్నారు. ఆ ‘గారు’ వినబడినప్పుడల్లా బైండరుకు ఒళ్లంతా కారం రాసినట్టుంటోంది.

లెక్చరరు అంటే తోడల్లుడే. భార్య చెల్లెలి మొగుడు. కాలేజీలో పాఠం చెబుతాడు. చొక్కా మడత సాయంత్రం దాకా నలగదు. బైండరు ఏడో తరగతిలో బడి మానేసి ఫారాలు మడవడానికి కూర్చున్నవాడు. వేళ్ల సందుల్లో జిగురు ఎండి పొలుసులుగా లేస్తుంది. అందుకే వీధిలో అతని పేరు జిగురు. పేరు పెట్టినవాడు ఎప్పుడో పోయాడు గాని పేరు మాత్రం అంటుకుపోయింది.

వాళ్లింట్లో కొత్త ఫ్యాను తిరిగిన రోజు నుంచి ఇతనికి తన ఫ్యాను గాలి వేడిగా కొట్టింది. వాళ్లు కర్టెన్లు మారిస్తే తన ఇంటి కిటికీ చిన్నదైపోయింది. తోడల్లుడు స్కూటరు కొన్నాడని, నాన్న చేతి కోత మిషనును, దారం తెగినట్టు కాగితం కోసే మిషనును, అమ్మి అదే రంగు స్కూటరు తెచ్చాడు. అది ఇప్పుడు షాపు ముందు వానకు తుప్పు పడుతోంది. కాగితం కోయించుకోవడానికి మన జిగురు పక్క వీధికి నడిచి వెళ్తున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. పుస్తకంలోని చివరి కథ ఒక ఎత్తు.

మిగతా కథలన్నీ తను కట్టిన పాత పుస్తకాల్లోవే. తులిప్ పూల దుంపల కోసం ఇళ్లు రాసిచ్చినవాళ్ల కథ, కాగితం మీదే ఉన్న కంపెనీల కథ, రైలు షేర్ల పిచ్చి కథ. అవెవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. చివరిది మాత్రం ఎక్కడిదో ఎంత తన్నుకున్నా అంతు చిక్కలేదు. అందులో ఒకడికి తండ్రి ఇచ్చిన బంగారంలాంటి షేర్లుంటాయి. వాడి చూపు మాత్రం ఎదురింటి కిటికీ మీదే. ఎదురింటివాడు ఏది కొంటే తన చేతిలోది అమ్మి అది కొంటాడు. వీడెవడో తెలివైనవాడై ఉంటాడని ఎదురింటివాడు వీడు అమ్మినవి కొంటూ పోతాడు. బజారు కూలిన నాడు వీడి దగ్గరున్నవన్నీ కూలిపోయాయి, వీడు మొదట అమ్ముకున్నవే నిలబడ్డాయి. ఏడుపు మొహంతో ఇంటికొస్తే తలుపుకు తాళం. ఎదురింటివాడు గుమ్మంలోకొచ్చి, “మీ ఆవిడ తాళం చెవి మాకిచ్చి వెళ్లిందండీ” అంటాడు. అక్కడితో పుస్తకం పూర్తి.

చదివి బైండరు పగలబడి నవ్వాడు. ఎంత వెధవ! ఎంత వెర్రి వెధవ! ఆ నవ్వు సగంలోనే ఎండిపోయింది. ఇది తను కట్టిన ఏ పుస్తకంలోనూ లేదు. అంటే ఇది వాడి సొంతం. అంటే ఆ ఇస్త్రీ చొక్కావాడికి నిజంగానే రాయడం వచ్చు. దొంగతనాన్ని నలుగురిలో పెట్టి తిట్టొచ్చు. వాడి బుర్రలోంచి వచ్చినదాన్ని ఏం చేస్తాడు?

ఇక భార్య సంగతి. ఇన్నేళ్లలో అతను చెప్పిన ఒక్క కథకు కూడా ఆవిడ ఊఁ కొట్టి ఎరగదు. కథ చెప్పేవాడికి ఎదుటివాళ్ల ఊఁ ఎంత ముఖ్యమో చెప్పేవాళ్లకే తెలుసు. గోడకు చెప్పినట్టు, గోనెసంచికి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. అలాంటి మనిషి ఇప్పుడు మరిది పుస్తకానికి ఖాకీ అట్ట వేసి తలగడ పక్కన పెట్టుకుంది. తీసినప్పుడల్లా గొడుగు పేజీయే తీస్తుంది. చదివి తనలో తను నవ్వుకుంటుంది.

ఆ నవ్వు చూడలేకే సగం చచ్చాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ ఇంటి తాళం చెవి నడుముకు దోపుకుంటూ అంది, “ఈ ఒక్క పూటకి నోరు కట్టేసుకుని రండి.”

“మరిది పరువంటే ఎంత బెంగే నీకు!”

“చెల్లెలి మొగుడు. దాని కళ్లల్లో నీళ్లు చూడ్డం నాకిష్టం లేదు.”

“నా కళ్లల్లో నిప్పులు పోసినా ఫర్లేదు. ఏం చదువుతున్నావే అంతలా? అదే కథ నేను చెప్తే రాయిలా కూర్చున్నావు. వాడు అచ్చేస్తే ముత్యాలు రాలుతున్నాయా?”

ఆవిడ గొడుగు తీసి చంకలో పెట్టుకుంది. ఆకాశం మబ్బుగా ఉంది. “మీరు చెప్పేటప్పుడు నేనేం చేస్తుంటానో ఎప్పుడన్నా చూశారా?”

“చూడకేం? కుడుతుంటావు.”

“సరే, పదండి,” అంది. గడప దాటాక మళ్లీ ఆగింది. “మీరక్కడ లేచారంటే నేనూ లేస్తాను. తర్వాత నన్నేమీ అనకూడదు.”

“లేచి ఏం చేస్తావు, చప్పట్లు కొడతావా?” అని వెటకారమాడి స్కూటరు తన్నాడు. అది స్టార్టు కాలేదు. ఇద్దరూ నడిచారు.

లైబ్రరీ హాలు నిండిపోయింది. గుమ్మం పక్కన జనం గొడుగులు కుప్పగా పడేసి వచ్చారు. వేదిక మీద లైబ్రరీ ప్రెసిడెంటు, రిటైరైన వకీలు, కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. కోర్టు మానేసినా ఆయన మాట మాత్రం బోనులోనే నిలబెడుతుంది. పుస్తకాన్ని లైబ్రరీ శాఖలన్నిటికీ తెప్పించి చరిత్ర అరలో పెట్టాలా వద్దా అన్నది కమిటీ ఇవాళ తేలుస్తుంది. పెడితే తోడల్లుడి పేరు ఇక చెరిగేది కాదు. రెండో వరసలో మరదలు, పక్కన బైండరు భార్య. అక్క చేతిని చెల్లెలు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తోడల్లుడు మైకు ముందుకొచ్చాడు. వినయం కూడా ఇస్త్రీ చేసుకునే వచ్చినట్టున్నాడు.

“ఇందులో నా గొప్పేమీ లేదండీ. బజార్లు కూలడం కొత్త కాదు, ఆశపడ్డం కొత్త కాదు. పాత పుస్తకాల్లో ఉన్నదే నేను చెప్పాను. ఒక్క ముక్క కూడా నా సొంతం కాదు.”

చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలో ఒక కుర్చీ కీచుమంది.

“ఒక్క ప్రశ్న,” అన్నాడు బైండరు.

“అడుగు అన్నయ్యా,” అన్నాడు తోడల్లుడు. నవ్వాడు గాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది.

“గొడుగు కథ ఏ పుస్తకంలోది?”

“పాతదొకటి. పేరు చివర్లో వేశాను కదా.”

“వేశావు, చూశాను. ఆ పుస్తకం నువ్వు కళ్లతో చూశావా?”

తోడల్లుడు మంచినీళ్లు తాగాడు. తాగుతూ రెండో వరస వంక చూశాడు. ఆ చూపు వదిన మీద పడటం బైండరు చూశాడు. వీడికి ఆపదొస్తే చూడ్డానికి కూడా నా పెళ్లామే కావాలా అని అతని నరాలు జివ్వుమన్నాయి.

“చూసి ఉండవు,” అన్నాడు గొంతు పెంచి. “అది కట్టింది నేను. అందులో చివరి ఫారం లేదు. ఆ మదుపరి కుర్చీలోంచి లేవడం వరకే ఉంది. గొడుగు లేదు, వాన లేదు, ముసలావిడ లేదు. అదంతా నేను పుట్టించాను. నా షాపు ముందు స్కూటరు ఆపి, చాటుగా విని, ఎత్తుకొచ్చి నీ అట్ట మీద వేసుకున్నావు. చరిత్రట, చరిత్ర!”

హాలు గుసగుసలాడింది. ప్రెసిడెంటు కళ్లజోడు పెట్టుకున్నాడు. “మీరెవరు?”

“జిగురండీ,” అన్నాడు వెనక నుంచి ఎవరో. “బైండింగు షాపు.”

“పుస్తకాలు కడతాడనుకున్నాం, కథలు కూడా కడతాడన్నమాట!” అన్నాడింకొకడు. నవ్వులు గొల్లుమన్నాయి.

ప్రెసిడెంటు చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. “మీ దగ్గరికొచ్చిన ప్రతిలో చివరి పేజీలు లేవంటున్నారు. బాగానే ఉంది. ఇంకో ప్రతిలో ఉండొచ్చుగా? ఆయన అది చదివుండొచ్చుగా? మీరు పుట్టించారనడానికి సాక్ష్యమేది?”

బైండరు నోరు తెరిచాడు. రాత్రంతా ఈ సభను మనసులో ఆడించుకున్నాడు. తోడల్లుడు తల దించుకోవడం, జనం ముక్కున వేలేసుకోవడం, అన్నీ చూసుకున్నాడు. సాక్ష్యం అడుగుతారన్న ముక్క ఒక్కటే తట్టలేదు.

“ఈ కథ మీరెవరికైనా చెప్పారా?”

“చెప్పాను. మా ఆవిడకి.”

“ఆవిడ విన్నారా?”

అడిగినవాడికి అది మామూలు ప్రశ్న. అతనికి మాత్రం గోరు కింద సూది దిగినట్టయింది. అబద్ధమాడి విన్నదనొచ్చు. కాని లేచి నిలబడి “అబ్బే, నాకేం గుర్తులేదండీ” అని ఆవిడంటే? మరిది పరువు కోసం అనదని ఏముంది? ఇన్నేళ్ల మౌనం ఒక్కసారిగా అతని మీద కూలింది.

“వినలేదు,” అన్నాడు. “ఆవిడకి నా కథలు పట్టవు. ఎప్పుడూ ఊఁ కొట్టింది లేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“అన్నయ్యా, కూర్చో,” అన్నాడు తోడల్లుడు మైకు పక్కకు జరిపి. “ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. నేనంతా చెప్తాను.” అంతలో అతని మొహం మారింది. “వదినా, వద్దు!”

రెండో వరసలో ఆవిడ లేచి నిలబడింది. చెల్లెలు చెంగు పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు.

“విన్నానండీ,” అంది ప్రెసిడెంటుతో. “ప్రతి కథా విన్నాను.”

“గొడుగు కథ?”

“ఆ రోజు జోరున వాన. షాపు కప్పు కురుస్తోంది. ఫారాలు తడుస్తాయని పుస్తకాల రాక్‌కి గొడుగు కట్టి దాని కింద కూర్చుని కుడుతున్నాను. ఈయన కథ చెప్తూ చెప్తూ సగంలో ఆగిపోయారు. పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. తర్వాత నా నెత్తి మీది గొడుగు వంక చూశారు, చాలాసేపు. అప్పుడొచ్చింది ఆ ముసలావిడ కథలోకి.”

బైండరుకు అంతా గుర్తొచ్చింది. ఆ గొడుగు, ఆ రాక్, డబ్బాలో చుక్కలు పడే చప్పుడు. తనే మర్చిపోయాడు.

“మరి ఒక్కసారన్నా ఊఁ అన్నావటే?” అన్నాడు. సభ సంగతి మర్చిపోయి, ఇంట్లో అడిగినట్టే అడిగాడు.

“దారం పళ్ల మధ్య పెట్టుకుని ఊఁ ఎలా అంటారు?” అందావిడ. “మైనం రాసిన దారం, నోరు సడలిస్తే జారిపోతుంది. మీరు ఫారం అందిస్తారు, నేను సూది గుచ్చి, దారం పళ్లతో బిగబట్టి లాగుతాను. మీరు మంచి పట్టులో ఉన్నప్పుడే నాకు కుట్టు బిగించాల్సొస్తుంది. తీరా నోరు ఖాళీ అయ్యేసరికి మీరు ఇంకో కథలో ఉంటారు.”

హాల్లో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

ఇన్నేళ్లుగా గోడకు చెప్పానని కుమిలిపోయిన ప్రతి కథా గోడ కాదు, మనిషే విన్నది. తలగడ పక్కన పుస్తకం తెరిచి నవ్వుకున్నది మరిది రాతకు కాదు, మొగుడి మాటకు. కడుపులో ఇన్నాళ్లూ రగిలిన పొయ్యి మీద ఎవరో చెంబెడు నీళ్లు కుమ్మరించినట్టయింది. ఇప్పుడు తోడల్లుడి చొక్కా వంక చూసినా ఏమీ అనిపించలేదు. వట్టి చొక్కా.

“మరి లెక్చరరుగారి దాకా ఎలా వెళ్లింది?” అన్నాడు ప్రెసిడెంటు.

“నేనే చెప్పాను. మా చెల్లెలు కడుపుతో ఉండి మంచం దిగకూడదన్నప్పుడు, పొద్దుపోక ఏడుస్తుంటే, వెళ్లి కూర్చుని ఈయన కథలన్నీ దానికి చెప్పాను. మరిది గుమ్మంలో నిలబడి విన్నాడు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నవేనని నేనే చెప్పాను. రాస్తాననీ, ఈయన పేరు వేస్తాననీ అంటే వద్దన్నదీ నేనే.”

“ఎందుకని?”

“నేను విన్నందుకు ఈయన సంతోషించరు, మరిది రాసినందుకు ఏడుస్తారు. అందుకని.”

మాట వచ్చి చెంప మీద తగిలింది. అయినా బైండరుకు నొప్పి తెలియలేదు. అతనింకా గెలుపు మత్తులోనే ఉన్నాడు.

ప్రెసిడెంటు పుస్తకం మూసి ముందుకు తోశాడు. “చూడండి లెక్చరరుగారూ, మీరు మోసం చేశారని నేననడం లేదు. కాని అట్ట మీదికెక్కిన కథే కల్పన అని తేలాక, దీన్ని చరిత్ర అరలో పెట్టమని కమిటీకి నేను చెప్పలేను.”

మరదలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోడల్లుడు మైకు రాడ్డును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అతని చొక్కా మొదటిసారి నలిగినట్టు కనిపించింది. బైండరు ఇన్నాళ్లూ కోరుకున్న దృశ్యం ఇదే. తీరా కళ్ల ముందుకొచ్చాక అంత రుచిగా లేదు. గెలిచినవాడికి కాస్త చెయ్యి ధారాళం కావడం సహజం. అతనికి దానం చెయ్యాలనిపించింది.

“మిగతా కథల మాటేమిటి?” అని ప్రెసిడెంటు అడగ్గానే తనే అందుకున్నాడు. “మిగతావన్నీ పుస్తకాల్లోవేనండీ, నేను హామీ. గొడుగు ముగింపు తీసేస్తే సరిపోతుంది. చివరి కథ మాత్రం, ఆ ఎదురింటి కిటికీ కథ, మా తోడల్లుడి సొంతం. అది నా చేతిలో పడ్డ ఏ పుస్తకంలోనూ లేదు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా రాశాడు. ఆ వెధవను తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.”

జీవితంలో తోడల్లుణ్ని మెచ్చుకోవడం అదే మొదలు. చెప్పేశాక ఒళ్లు తేలికైంది. జవాబుగా ఒక నమస్కారమో, కనీసం చిన్న నవ్వో వస్తుందని ఎదురుచూశాడు.

తోడల్లుడు వింతగా చూస్తున్నాడు. “అది నాది కాదన్నయ్యా. నేనొక్క ముక్కా సొంతంగా రాయలేదని చెప్పానుగా. అదీ వదిన చెప్పిందే. అన్నయ్య చెప్పిన కథల్లో ఆఖరిది అంది.”

“నేనా? నేనెప్పుడు చెప్పాను?”

“నువ్వు చెప్పలేదా?”

ఇద్దరు తోడల్లుళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత, ఒకే తాడుకు కట్టినట్టు, ఇద్దరి తలలూ ఒకేసారి రెండో వరస వైపు తిరిగాయి.

“అది నాదండీ,” అంది బైండరు భార్య.

వెనక వరసల వాళ్లు మెడలు చాచారు.

“నీదా?” అన్నాడు అతను.

“వినీ వినీ నాకూ ఒకటి వచ్చింది. మీకే చెబుదామనుకున్నాను. దారం ముడేసి, నోరు ఖాళీ చేసుకుని, ‘ఏవండీ, నేనో కథ చెప్పనా’ అన్నాను కూడా. మీరా రోజు స్కూటరు తుడుస్తున్నారు. ‘వాళ్ల స్కూటరు ఇంతకంటే మెరుస్తోంది కదూ’ అన్నారు. సరేలే అని చెల్లెలికి చెప్పుకున్నాను.”

చల్లారిందనుకున్న పొయ్యి మళ్లీ భగ్గుమంది. ఈసారి మంట తోడల్లుడి మీద కాదు. పుస్తకం మొత్తంలో అందరికంటే బాగా చెప్పినది, తను ఎంత తన్నుకున్నా చెప్పలేనిది, సూదీ దారం పట్టుకుని మూల కూర్చున్న మనిషిదా? ఊఁ కొట్టడానికి కూడా నోరు లేదనుకున్న మనిషిదా? ఇంకా ఆ ఉక్రోషం గొంతు దాటకముందే, దాని వెనకాలే ఇంకొకటి నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది.

ఎదురింటి కిటికీ. తండ్రి ఇచ్చింది అమ్ముకుని ఎదురింటివాడిది కొనుక్కున్నవాడు.

కోత మిషను. స్కూటరు.

తను పగలబడి నవ్వింది ఎవణ్ని చూసి?

“నవ్వాగదన్నారు,” అందావిడ మెల్లగా. “నేను అల్లేటప్పుడు నాకు నవ్వు రాలేదు. చెల్లెలు కూడా నవ్వలేదు. ఎవరి గురించో దానికి తెలుసు.”

మరదలు తల ఎత్తలేదు.

“ఇంటికెళ్లి మాట్లాడుకుందామే,” అన్నాడు బైండరు. ఇందాక తోడల్లుడు అంటే తను వినని మాటలే తన నోట వచ్చాయి.

“పొద్దున మాట్లాడాను కదండీ. మీరు లేస్తే నేనూ లేస్తానన్నాను.” నడుముకు దోపుకున్న తాళం చెవి తీసింది. అతను నాలుగు కుర్చీల అవతలే ఉన్నాడు, రెండడుగులు వేస్తే అందేంత దూరం. చెయ్యి చాపాడు కూడా. ఆవిడ ఆ చేతి వంక చూసి, చెవిని చెల్లెలి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. కుర్చీల మధ్యగా నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం వచ్చే మొహం ఎవరిది?

బయట వాన మొదలైంది. గుమ్మం పక్కన గొడుగులు కుప్పగా పడున్నాయి, అన్నీ నల్లవే. ఏదో ఒకటి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆవిడ వంగి ఒక్కొక్కటే పక్కకు పెడుతూ వెతికింది. తొందరపడలేదు. తనది దొరికాక విప్పి, మెట్లు దిగి, వీధిలోకి నడిచింది. ఇంటికి వెళ్లాలంటే ఎడమకు తిరగాలి.

ఆవిడ కుడికి తిరిగింది.

బైండరు కుర్చీలు తోసుకుంటూ రెండో వరస దాకా వచ్చాడు. మరదలు లేచి నిలబడి గుప్పెట విప్పింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు లేవు, ఇంకేదో ఉంది.

“బావా,” అంది. “అక్క తాళం చెవి మాకిచ్చి వెళ్లింది.”

పుస్తకంలో ఆ మాట తర్వాత ఇంకేమీ లేదు. అక్కడ కథ అయిపోయిందనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. చివరి ఫారం ఆవిడ తన దగ్గరే ఉంచుకుందని ఇప్పుడే తెలిసింది.